ఉమ్మడి గోడ

రోండా లోయలో ఇంటికి రెండే గోడలు సొంతం.
మిగతా రెండూ పక్కవాళ్ళతో పొత్తు.
అద్దెకి దిగిన మొదటి రాత్రే
గోడవతల ఎవరో దగ్గారు.
ఇవతల నేను లేచి కూర్చున్నాను.

తెల్లారాక ఆ దగ్గు తలుపు తీసుకుని బయటికొచ్చింది.
పేరు ఎమ్రిస్ ప్రాసర్. ఎనభై ఆరేళ్ళు.
గనిని మూసేశారు,
దగ్గుని మూయడం ఎవరికీ గుర్తురాలేదు.

ఆస్పత్రిలో నాది ఊపిరి కొలిచే ఉద్యోగం.
గొట్టంలోకి ఊదమంటాను, అంకె రాసుకుంటాను.
ఊది, ఆయాసం తీరాక అడిగాడు:
"మీ వైపు ఉందా, ఎర్రజెండా?"
ఉండేదన్నాను. ఇల్లెందులో, షిఫ్టు సైరన్ కింద.
మా మేనమామ చందా పుస్తకం పట్టుకుని తిరిగితే
టీకొట్టువాడు కూడా అర్ధరూపాయి తీసేవాడు.
ముప్పై మైళ్ళ అవతల, పొగాకు ఊళ్ళో
అదే పుస్తకానికి కుక్కల్ని వదిలారు.
"అదే," అన్నాడు, కుర్చీ ముందుకి జరుపుకుని.
"నాకూ తేలని లెక్క అదే."

బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. ఉత్తరాలు.
ఇరవయ్యారు సమ్మె ఓడాక
పెన్సిల్వేనియా వెళ్ళిన పెదనాన్న ఐవర్‌వి.
అదే బొగ్గు. అదే మసి. అదే మనిషి.
ఇక్కడ మూడుసార్లు జైలుకెళ్ళినవాడు
అక్కడ నాలుగేళ్ళకి
కారు పక్కన చెయ్యేసి ఫోటో పంపాడు.

తిండి మరిగాడా? ఎమ్రిస్ తల అడ్డంగా ఊపాడు.
అక్కడా సమ్మె కట్టారు, అక్కడా కాల్పులు;
ఐవర్ పక్కన నిలబడ్డవాడు మళ్ళీ లేవలేదు.
కానీ ఆ పడ్డవాడి పేరు పలకడం
ఐవర్‌కి చేతకాలేదు.
షిఫ్టుకి ఆరు భాషలు. వీధికో చర్చి.
మేస్త్రీ ఏరికోరి జతకలిపేవాడట,
ఇద్దరూ ఒకే భాషలో తనని తిట్టకుండా.

ఓటు కోసం ఇక్కడ తాతలు పోట్లాడారు,
పోట్లాటలో ఒకరికొకరు తెలిశారు.
అక్కడ ఐవర్‌కది పౌరసత్వం కాగితంతో పాటే
చేతిలో పడింది.
మరీ ఒళ్ళు మండితే, రైలు.
పోయే దారుంటే
తగువు ఎంతసేపు నిలుస్తుంది?

ఇక్కడ దారి లేదు. అటు కొండ, ఇటు కొండ,
మధ్యలో వరసగా చలికి ముడుచుకున్న ఇళ్ళు.
వారానికి మూడు పెన్నీలు జీతంలో కోయించుకుని
డాక్టర్ని పెట్టుకున్నారు, తర్వాత చదువుకునే గదిని.
నా ఆస్పత్రికి పునాది ఆ మూడు పెన్నీలేనంటాడు.
అతిశయోక్తే.
అట్టుకి నూనెలా గర్వానికీ కొంచెం కావాలి.

నేను నా తెలివి చూపించాను.
"మీకు 'వి' ఒక్కటే. మాకు రెండు మాటలు.
మేము అంటే నువ్వు కాక.
మనం అంటే నువ్వు కూడా.
ఎక్కడ మేము మనం అవుతుందో
అక్కడ జెండా నిలుస్తుంది."
ఎమ్రిస్ నవ్వబోయి దగ్గాడు, చాలాసేపు.
"వ్యాకరణం కాదమ్మా,
గోడ పలచన. అంతే."

నిజమేనేమో. కాకపోవచ్చు కూడా.
గోడలు ఇప్పటికీ పలచనే,
చదువుకునే గది మాత్రం జిమ్ అయింది.
మొన్న ఎన్నికల్లో ఈ వీధి
ఎమ్రిస్ ఉచ్చరించని పార్టీకి వేసింది.
నా వంక చూసి "నిన్ను కాదులే" అన్నారు కొందరు,
అది ఏ మాటో నాకు తెలుసు:
మేము.

ఆయనకి అటుపక్క కొత్తగా దిగిన కుర్రాడు, కెల్లన్,
మంచివాడే, రాత్రి షిఫ్టు, పగలు నిద్ర.
పోయిన శనివారం గోడకి నురుగు పలకలు కొట్టించాడు.
"ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడదు,"
అని నాకే సంబరంగా చూపించాడు.

ఇటువైపు గోడ అలాగే ఉంది.
పడుకునే ముందు చెంచాతో రెండుసార్లు కొడతాను.
అటునుంచి ఒకటి వస్తుంది.
నిన్న ఆలస్యంగా వచ్చింది.
చెంచా చేతిలోనే ఉంది,
లైటు తీయలేదు.